వారం రోజులు కనపడకపోతే కొలువు పోతదా?

సోషల్ మీడియాకు చిన్న విరామం ఇద్దామంటే ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు ఒకటే భయం: ఏదైనా మిస్ అయిపోతామేమో! ఆ భయంలో నిజమెంత? ముందుగా ఏమేం సర్దుకుంటే నిశ్చింతగా ఏడు రోజులు పక్కకు జరగొచ్చు?

2019 అక్టోబర్. బీటెక్ అయిపోయి నాలుగు నెలలు దాటింది. దేవరకొండ దగ్గర మా ఊళ్లో, ఇంట్లోనే ఉంటున్నా. ఒక శుక్రవారం పొద్దున మెయిల్ తెరిస్తే ఓ కంపెనీ పంపిన ఆన్‌లైన్ పరీక్ష లింకు కనిపించింది. ఒక్క క్షణం ఎగిరి గంతేసినంత పని చేశా. తర్వాత తేదీ చూశా. మెయిల్ వచ్చింది మంగళవారం సాయంత్రం. గడువు 48 గంటలు. అంటే ముందురోజు సాయంత్రమే దాని కథ ముగిసింది.

ఆ మూడు రోజులు ఫోన్ నా దగ్గర లేదా? ఉంది. అన్నం తినేటప్పుడు కూడా చేతిలోనే ఉంది. టిక్‌టాక్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, వాట్సాప్ స్టేటస్‌లు. మా క్లాస్‌లో ఎవరు ఎక్కడ జాయినయ్యారో, ఎవరి మెడలో ఏ కంపెనీ ఐడీ కార్డు పడిందో నాకు పక్కాగా తెలుసు. నా పేరు మీద వచ్చిన మెయిల్ ఒక్కటే తెలియలేదు. ఫోన్ సెట్టింగుల్లోకి పోయి చూస్తే ఆ వారం రోజుకు సగటున ఐదు గంటలకు పైనే ఫోన్ వాడినట్టు లెక్క చూపించింది. మెయిల్ యాప్ వాటా అందులో నిమిషాల్లో ఉంది.

అప్పటిదాకా ఎవరైనా 'ఆ ఫోన్ కొంచెం పక్కన పెట్టరాదురా' అంటే నా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది: 'జాబ్ అప్‌డేట్స్ అన్నీ ఇందులోనే వస్తయి. వదిలేస్తే మిస్ అవుతా'. చివరికి ఇందులో మునిగి ఉండే మిస్ అయ్యా.

మీలో చాలామంది దగ్గర ఇదే జవాబు ఉందని నాకు తెలుసు. అది పూర్తిగా సాకు కూడా కాదు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ సెల్ వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. కోచింగ్ సెంటర్ మెటీరియల్ టెలిగ్రామ్‌లో వస్తుంది. హాల్‌టికెట్లు విడుదలయ్యాయన్న కబురు ఎవరో ఒకరు స్టేటస్‌లో పెడితేనే తెలుస్తుంది. అందుకే 'ఫోన్ అవతల పారేయండి' అన్న సలహా ఉద్యోగం ఉన్నవాడికి నప్పుతుంది కానీ, వెతుక్కుంటున్న మనకు నప్పదు. మనకు కావాల్సింది వేరు. సమాచారం వచ్చే దారి తెరిచే ఉంచి, మిగతా గోలకు ఏడు రోజులు తలుపు మూయడం. అది సాధ్యమేనా అన్నదే అసలు ప్రశ్న.

ముందు గడువుల లెక్క చూద్దాం

భయాన్ని తేదీలతో కొలిస్తే సగం తగ్గుతుంది. తెలంగాణలో ఈ మధ్య వచ్చిన పెద్ద నోటిఫికేషన్లనే తీసుకోండి. 563 పోస్టుల గ్రూప్-1 నోటిఫికేషన్ 2024 ఫిబ్రవరి 19న వచ్చింది. దరఖాస్తులు ఫిబ్రవరి 23 నుంచి మార్చి 14 వరకు అన్నారు, తర్వాత మరో రెండు రోజులు పొడిగించారు. 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్ 29న వస్తే, దరఖాస్తుల గడువు 2023 జనవరి 18 నుంచి ఫిబ్రవరి 16 వరకు. గ్రూప్-3కి జనవరి 24 నుంచి ఫిబ్రవరి 23 వరకు.

అంటే నోటిఫికేషన్ వచ్చిన రోజే మీరు సోషల్ మీడియా నుంచి మాయమై, సరిగ్గా వారం తర్వాత తిరిగొచ్చినా ఈ మూడింటిలో ఏ ఒక్కటీ చేజారేది కాదు. గ్రూప్-1కైతే మీ చేతిలో ఇంకా రెండు వారాలకు పైనే ఉండేది. ప్రభుత్వ ఉద్యోగాల సమాచారం గంటల మీద నడవదు, వారాల మీద నడుస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం వెలువడే 'ఎంప్లాయ్‌మెంట్ న్యూస్' ఇప్పటికీ వారపత్రికే. అంతెందుకు, 1922లో షబ్నవీసు వెంకట రామ నరసింహారావు నల్లగొండ నుంచి నడిపిన 'నీలగిరి' కూడా వారానికోసారి వచ్చిన పత్రికే. వారానికోసారి వచ్చినంత మాత్రాన వార్త చద్దిదైపోదు.

ప్రైవేటు ఉద్యోగాల లెక్క మాత్రం వేరు. ఆఫ్ క్యాంపస్ డ్రైవ్ లింకు రెండు మూడు రోజుల్లో మూసేస్తారు. వాక్-ఇన్ అయితే రేపే రమ్మంటారు. కాబట్టి ఇక్కడ జాగ్రత్త కావాలి. అయితే గమనించండి, దరఖాస్తు చేసినవాళ్లకు కంపెనీ పిలుపు ఎక్కువగా మెయిల్‌కో, ఫోన్ కాల్‌కో, ఎస్సెమ్మెస్‌కో వస్తుంది. రీల్స్ మధ్యలో రాదు. మెయిల్, కాల్స్ చూసుకుంటూ కూడా సోషల్ మీడియాకు విరామం ఇవ్వొచ్చు. నేను చేసిన తప్పు దీనికి సరిగ్గా తలకిందులు.

నాలుగు వాయిదాలు, పదకొండు చానళ్లు

ఇప్పుడు నా దోస్తు ఒకరి సంగతి చెప్తా. జడ్చర్ల దిక్కు పిల్లగాడు. మహబూబ్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్-2కి చదివాడు. ఆ పరీక్ష చరిత్ర మీకు తెలిసిందే. మొదట 2023 ఆగస్టు 29, 30 తేదీలన్నారు. గురుకుల పరీక్షలు కూడా అదే నెలలో ఉండడంతో అభ్యర్థులు ఆందోళన చేశారు, వాయిదా పడింది. తర్వాత నవంబర్ 2, 3 అన్నారు. అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి, మళ్లీ వాయిదా. 2024 జనవరి 6, 7 అన్నారు, అదీ జరగలేదు. ఆగస్టు 7, 8 అన్నారు. డీఎస్సీ పరీక్షలు ఆగస్టు 5 దాకా ఉన్నాయని అభ్యర్థులు మళ్లీ రోడ్డెక్కారు, మళ్లీ వాయిదా. చివరికి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది.

ఈ పదహారు నెలలు మావోడి ఫోన్‌లో పదకొండు టెలిగ్రామ్ చానళ్లు ఉండేవి. 'వాయిదా పక్కా అట', 'లోపలి సమాచారం', 'ఇప్పుడే తెలిసింది' అంటూ రోజంతా మోగుతూనే ఉండేవి. ఒకసారి ఆదివారం గదికి పోయినప్పుడు చూశా. ఎదురుగా తెలంగాణ ఉద్యమ చరిత్ర పుస్తకం తెరిచే ఉంది. మావోడి చూపు మాత్రం ఫోన్‌లోని ఒక పోల్ మీద ఉంది: 'పరీక్ష జరుగుతుందా, వాయిదా పడుతుందా? ఓటేయండి'. పరీక్ష తేదీని ఓట్లతో నిర్ణయించరని మావోడికి తెలియదా? తెలుసు. అయినా ఓటేశాడు. ఎంతమంది తన వైపు ఉన్నారో చూడటానికి పది నిమిషాలకోసారి మళ్లీ తెరిచాడు.

వాయిదా పుకారు పుట్టిన ప్రతిసారీ జరిగింది ఒకటే. పుస్తకం మూతపడేది. 'జరగని పరీక్షకు ఎందుకు చదవాలె?' అనేవాడు. మొదటి వాయిదా తర్వాత మూడు వారాలు అసలు పుస్తకమే పట్టలేదు. పుకారు నిజమైతే బద్ధకం, అబద్ధమైతే కంగారు. రెండింట్లోనూ చదువే ఆగింది.

ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. వాయిదా కావాలని అడిగిన అభ్యర్థుల గొంతు ఒక్కటైంది కూడా ఆ గ్రూపుల్లోనే. హైదరాబాద్‌లో ఏం జరుగుతుందో పాలమూరు గదిలో ఉన్న పిల్లగాడికి తెలిసింది వాటి వల్లే. వాటి మేలు వాటికుంది. కాకపోతే ఉద్యమం నడవాల్సిన రోజులు వేరు, చదవాల్సిన రోజులు వేరు. చానల్‌కు ఆ తేడా తెలియదు. మనకే తెలియాలి.

2024 నవంబర్ చివర్లో మావోడే ఫోన్ చేశాడు. 'నువ్వు టెక్నాలజీ గురించి రాస్తవ్ కదా, నాకు పది రోజులు దీన్ని బంద్ పెట్టే ఉపాయం చెప్పు' అన్నాడు. చెప్పా. పదకొండు చానళ్లను మ్యూట్ చేసి ఆర్కైవ్‌లోకి తోశాడు. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఒక్కసారి కమిషన్ వెబ్‌సైట్ చూసేవాడు. వాయిదా నిజంగా పడితే అక్కడ ప్రకటన ఉంటుంది, తెల్లారి పేపర్లో మొదటి పేజీలో ఉంటుంది. అంతకంటే ముందు తెలుసుకుని మనం చేసేది కూడా ఏమీ లేదు.

ఫలితం? కథలా ఉండాలంటే ఉద్యోగం వచ్చిందని రాయాలి. రాలేదు. కానీ నాలుగు పేపర్లూ రాశాడు. ఆ పరీక్షకు ఐదున్నర లక్షల మంది దరఖాస్తు చేసుకుంటే, రాసినవాళ్లు సగం మంది కూడా లేరు. 'వాయిదా పడతదనుకుంటనే సగం మంది ఆగిపోయిన్రు. నేను కూడా అండ్లనే ఉండేటోన్ని' అంటాడు. ఇప్పుడు పోలేపల్లి సెజ్‌లో పని చేసుకుంటూ మళ్లీ చదువుతున్నాడు. చానళ్లు రెండే ఉంచుకున్నాడు.

వేలు ఎందుకు ఆగదు?

'నాకు విల్ పవర్ లేదు' అని మిమ్మల్ని మీరు తిట్టుకునే ముందు ఆ యాప్ ఎలా కట్టారో తెలుసుకోండి. పాతకాలం వెబ్ పేజీకి అడుగు ఉండేది. అక్కడికి రాగానే 'తర్వాతి పేజీ' నొక్కాలి. ఆ చిన్న ఆగుడులోనే 'ఇక చాలు' అని మనసుకు తట్టేది. 2006లో అజా రస్కిన్ అనే డిజైనర్ అడుగు లేని పేజీని రూపొందించాడు. కిందికి జరుపుతుంటే కొత్తది వచ్చి చేరుతూనే ఉంటుంది. తర్వాతి రోజుల్లో ఆ ఆవిష్కరణపై తనే బహిరంగంగా విచారం వ్యక్తం చేశాడు. అడుగు లేని బావిలో చేద వేసినట్టే, ఎంత తాడు వదిలినా ఆగదు.

రెండోది అనిశ్చితి. పది పోస్టుల్లో తొమ్మిది చప్పగా ఉంటాయి, పదోది బాగుంటుంది. ఆ పదోది ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి వేలు కదులుతూనే ఉంటుంది. ఉద్యోగం వెతుకుతున్నవాడికి ఈ ఆకర్షణ రెండింతలు. ఎందుకంటే తర్వాత వచ్చేది జోక్ అయినా కావొచ్చు, జాబ్ లింకు అయినా కావొచ్చు.

మూడోది మన పరిస్థితికి సంబంధించింది. ఖాళీగా ఉన్నవాడికి సమయం భారం. ఊళ్లో బయటికి పోతే 'ఏమాయె నౌకరీ?' అని అడుగుతారు. ఫోన్ అడగదు. అందుకే దాని వెనక దాక్కుంటాం. నేను దాక్కున్నా.

అధ్యయనాలు ఏం తేల్చాయి?

అమెరికాలో 2018 ఎన్నికల ముందు స్టాన్‌ఫర్డ్, న్యూయార్క్ విశ్వవిద్యాలయాల ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కొందరికి డబ్బులిచ్చి మరీ నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఖాతాను ఆపించారు. 2020లో ఫలితాలు ప్రచురించారు. ఖాతా ఆపినవాళ్లకు రోజుకు సగటున గంట మిగిలింది. ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో గడిపే సమయం పెరిగింది. సంతోషం కూడా పెరిగింది, కాకపోతే కొద్దిగానే. ప్రయోగం ముగిశాక కూడా చాలామంది మునుపటంత వాడలేదు.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 2018లో 143 మంది విద్యార్థులతో మరో ప్రయోగం జరిగింది. ఒక్కో యాప్‌కు రోజుకు పది నిమిషాల చొప్పున మూడు యాప్‌లకు పరిమితి పెట్టుకున్నవాళ్లలో, మూడు వారాల తర్వాత ఒంటరితనం, దిగులు తగ్గాయి. అంటే పూర్తిగా మానేయకుండా తగ్గించినా ఫలితం ఉంది.

అయితే చిన్న విరామాల మీద జరిగిన అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. కొన్నింటిలో మూడ్‌లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి ఏడు రోజుల్లో మనసంతా ప్రశాంతమైపోతుందని నేను చెప్పను. సమయం మాత్రం మిగులుతుంది. రోజుకు గంట చొప్పున వారానికి ఏడు గంటలు. గ్రూప్-2లో ఒక్కో పేపర్ రెండున్నర గంటలు. ఆ ఏడు గంటల్లో దాదాపు మూడు మాక్ పేపర్లు రాసుకోవచ్చు.

ఫేస్‌బుక్ ప్రయోగంలో మనం మరిచిపోకూడని విషయం ఇంకొకటి ఉంది. ఖాతా ఆపినవాళ్లకు వార్తల మీద అవగాహన తగ్గింది. కరెంట్ అఫైర్స్ చదవాల్సిన మనకు ఇది నష్టమే. విరుగుడు సులువు. రోజూ ఒక దినపత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. దానికి అడుగు ఉంటుంది. చివరి పేజీ అయిపోతే చదవడం అయిపోయినట్టే.

నా ఏడు రోజులు

ఆ శుక్రవారం మెయిల్ తర్వాత ఆదివారం నాడు యాప్‌లు తీసేశా. సోమవారం పొద్దున నిద్ర కళ్లతోనే బొటనవేలు ఖాళీ జాగాను నొక్కింది. అక్కడ ఇన్‌స్టాగ్రామ్ ఉండేది. అన్నం దగ్గర ఫోన్ లేకుండా కూర్చుంటే అమ్మ అడిగింది: 'ఏమైంది బిడ్డా, ఫోన్ ఖరాబైందా?'

రెండో రోజు చిరాకు. సాయంత్రం అమ్మ ఫోన్ తీసుకుని స్టేటస్‌లు చూశా. ఒప్పుకుంటున్నా. మూడో రోజు ఏమీ తోచక నాన్నతో బత్తాయి తోటకు పోయా. డ్రిప్ పైపుల్లో మట్టి అడ్డుపడితే తీసేసరికి రెండు గంటలు ఎట్ల గడిచాయో తెలియలేదు.

నాలుగో రోజు రెజ్యూమె తెరిచా. అందులో ఇంకా 'ఫైనల్ ఇయర్ చదువుతున్నాను' అనే ఉంది. అప్పటికి అదే ఫైలు ముప్పైకి పైగా కంపెనీలకు పంపి ఉన్నా. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా నిదానంగా చదువుకోలేదన్నమాట. ఆ రోజంతా దాన్ని సరిచేయడానికే సరిపోయింది.

ఐదో రోజు ఒంటరిగా అనిపించింది. స్టేటస్‌లు లేవు, ఎవరు ఏం చేస్తున్నారో తెలియదు. ఆఖరికి క్లాస్‌మేట్లకు ఫోన్ చేయడం మొదలుపెట్టా. రెండు రోజుల్లో పదకొండు మందితో మాట్లాడా. అందులో ఎనిమిది మందికి నాలాగే ఇంకా ఉద్యోగం లేదు!

నేను ఆశ్చర్యపోయా. నా ఫోన్ చూస్తే క్లాసంతా సెటిలైపోయినట్టు, నేనొక్కణ్నే మిగిలిపోయినట్టు ఉండేది. నిజానికి ఉద్యోగం వచ్చినవాడు పోస్టు పెడతాడు. రానివాడు 'నాకు ఈ నెల కూడా రాలేదు' అని పెట్టడు. మన ఫీడ్‌లో కనిపించేది గెలిచినవాళ్ల జాబితా మాత్రమే, క్లాసు హాజరు పట్టిక కాదు. ఈ చిన్న విషయం తెలియక నాలుగు నెలలు నన్ను నేను తక్కువ చేసుకున్నా. ఆ వారం నాకు దక్కిన దాంట్లో అన్నిటికంటే పెద్దది ఇదే.

ఆ పదకొండు మందిలో ఒకరు తన సీనియర్ నంబర్ ఇచ్చాడు. ఆ సీనియర్ ద్వారానే 2020 ఫిబ్రవరిలో నా మొదటి ఉద్యోగం వచ్చింది. విరామం తీసుకోవడం వల్లే వచ్చిందని చెప్పను. కానీ ఆ ఫోన్ కాల్ మాత్రం ఆ వారంలో చేసిందే.

మొదలుపెట్టే ముందు ఒక్క గంట

విరామం విఫలమయ్యేది ఎక్కువగా మొదటి రోజే, అదీ ముందు ఏర్పాట్లు లేకపోవడం వల్ల. ఒక గంట కూర్చుని ఇవి సర్దుకోండి.

1. సరైన వారం ఎంచుకోండి. క్యాంపస్ డ్రైవ్, హాల్‌టికెట్ల విడుదల, సర్టిఫికెట్ వెరిఫికేషన్, కౌన్సెలింగ్ ఉన్న వారం వద్దు. పరీక్షకు మూడు నాలుగు వారాల ముందు మంచి సమయం.

2. సమాచారం మెయిల్‌కు వచ్చేలా చేయండి. ఉద్యోగాల వెబ్‌సైట్లలో మీకు కావాల్సిన పోస్టు, ఊరు పెట్టి అలర్ట్ సెట్ చేస్తే రోజుకో మెయిల్ వస్తుంది. కమిషన్ వన్ టైమ్ రిజిస్ట్రేషన్‌లో మీ ఫోన్ నంబర్, మెయిల్ ఇప్పటివేనా చూసుకోండి. ఇంటర్‌లో ఉన్న నంబర్ ఇచ్చి, తర్వాత సిమ్ మార్చినవాళ్లు చాలామంది ఉంటారు. స్పామ్ ఫోల్డర్ కూడా రోజూ తెరవండి.

3. రోజుకు రెండు వేళలు పెట్టుకోండి. పొద్దున పదింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి మెయిల్, అధికారిక వెబ్‌సైట్లు చూడండి. 48 గంటల గడువున్న లింకు కూడా ఈ వలలోంచి తప్పించుకోలేదు.

4. వాట్సాప్ తీసేయొద్దు, సర్దండి. గ్రూపులను మ్యూట్ చేసేటప్పుడు 'ఒక వారం' అనే ఆప్షన్ ఉంటుంది. ప్లేస్‌మెంట్ సెల్ గ్రూపు, ఇంట్లోవాళ్లు మినహా అన్నింటికీ అది పెట్టి, ఆర్కైవ్ చేయండి. స్టేటస్‌ల వైపు పోవద్దు.

5. యాప్ తీసేయడం వేరు, ఖాతా మూయడం వేరు. వారం విరామానికి ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే చాలు. ఖాతా ఎక్కడికీ పోదు. 'డీయాక్టివేట్' జోలికి పోతే నిబంధనలు చదవండి. ఎక్స్‌లో డీయాక్టివేట్ చేసి 30 రోజులు లాగిన్ కాకపోతే ఖాతా శాశ్వతంగా పోతుంది. లింక్డ్‌ఇన్‌ను మాత్రం దాచేయొద్దు. ప్రొఫైల్ కనిపించకపోతే రిక్రూటర్లకు మీరు లేనట్టే. ఫోన్‌లోంచి యాప్ తీసేసి, మెయిల్ అలర్టులు మాత్రం ఉంచుకోండి.

6. యూట్యూబ్‌లో క్లాసులు వినాలా? వాచ్ హిస్టరీని ఆపి, పాతది చెరిపేయండి. హోమ్ పేజీలో సిఫారసులు కనిపించవు. కావాల్సిన పాఠం పేరు టైపు చేసి, విని, బయటికి రండి.

7. కాపలాకు ఒక దోస్తును పెట్టుకోండి. నాట్లప్పుడు ఒకరి పొలంలో ఒకరు పని చేసుకునే బదులు పద్ధతి మన ఊళ్లలో ఉన్నదే. ఈ వారం నువ్వు విరామం తీసుకో, నేను గ్రూపులు చూసి, ముఖ్యమైనది ఉంటే ఫోన్ చేస్తా. వచ్చే వారం నేను, కాపలా నువ్వు. నా అనుభవంలో అన్నిటికంటే బాగా పనిచేసింది ఈ ఒప్పందమే. ఎందుకంటే 'ఏదో మిస్ అవుతున్నా' అనే గుబులుకు ఒక మనిషి హామీ ఉంటుంది.

8. మిగిలే గంటకు ముందే పని రాసి పెట్టుకోండి. ఖాళీ వదిలితే వేలు మళ్లీ అటే పోతుంది. ఒక మాక్ టెస్టు, రెజ్యూమెలో ఒక పేజీ, రోజుకు ఇద్దరికి ఫోన్, సాయంత్రం ఓ గంట నడక. ఇంట్లో కుదరనివాళ్లకు జిల్లా గ్రంథాలయం ఉండనే ఉంది.

ఎనిమిదో రోజు

తిరిగి వెళ్లడం ఓటమి కాదు, ముందే అనుకున్న పని. కాకపోతే ఒక్కసారిగా అన్నీ వేసుకోకండి. మొదటి రోజు ఒక్క యాప్, అదీ రోజుకు ఇరవై నిమిషాల టైమర్ పెట్టి. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ అనే సెట్టింగుల్లో ఇది ఉంటుంది. తర్వాత ఒక కాగితం మీద రాయండి: ఈ వారంలో నేను నిజంగా ఏం మిస్సయ్యాను? ఎనిమిదో రోజు నేను రాసిన జాబితాలో ఒక పెళ్లి ఫొటో ఆల్బం, రెండు పుట్టినరోజులు ఉన్నాయి. కొలువు ఒక్కటీ లేదు.

తర్వాత గ్రూపుల లెక్క తీయండి. గత నెలలో మీకు పనికొచ్చిన సమాచారం ఏ చానల్ నుంచి వచ్చింది? అది ఉంచండి. పుకార్లు, పోల్స్ మాత్రమే ఇచ్చిన వాటి నుంచి బయటికి రండి. 'రిజిస్ట్రేషన్ ఫీజు కడితే ఉద్యోగం గ్యారంటీ' అనే చానల్ ఏదైనా ఉంటే వెంటనే వదిలేయండి. అప్పటికే డబ్బులు కట్టి మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఒక జాగ్రత్త

ఈ విరామం అందరికీ ఒకేలా పనిచేయదు. పెళ్లి సంబంధాలు చూస్తూ ఇంట్లోంచి కదలనివ్వని అమ్మాయికి, ఊళ్లో తోటి చదువుకున్నవాళ్లు ఎవరూ లేని అబ్బాయికి ఆ ఫోనే బయటి ప్రపంచపు కిటికీ. అలాంటివాళ్లు అన్నీ మూసుకుని కూర్చోవద్దు. వీడియోలు ఆపి, మనుషులతో మాట్లాడటం కొనసాగించండి. పెన్సిల్వేనియా విద్యార్థుల్లా రోజుకు కొన్ని నిమిషాల పరిమితి మీకు సరిపోతుంది.

ఫోన్ పక్కన పెట్టినా దిగులు తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, బతుకు మీద విరక్తి పుడుతుంటే ఆ సమస్యకు యాప్ తీసేయడం మందు కాదు. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా, తెలుగులోనూ మాట్లాడతారు. ఉద్యోగం రాకపోవడం సిగ్గుపడాల్సిన విషయం కానట్టే, సాయం అడగడం కూడా సిగ్గుపడాల్సిన విషయం కాదు.

కాబట్టి ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. క్యాలెండర్ ముందు పెట్టుకుని, పరీక్షలూ డ్రైవ్‌లూ లేని వారం ఒకటి చూసుకోండి. కాపలాకు ఒప్పుకునే దోస్తుకు ఫోన్ చేయండి. సోమవారం అన్నం దగ్గర ఫోన్ లేకుండా కూర్చున్నప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు 'ఫోన్ ఖరాబైందా?' అని అడుగుతారు. అడిగారంటే మీ మొదటి రోజు సరిగ్గానే గడుస్తున్నట్టు లెక్క.